మిర్చి కల్లంలో రెండు ల్యాప్‌టాప్‌లు

పోయిన మిర్చి సీజను దాకా మా కుటుంబంలో రెండు ల్యాప్‌టాప్‌లు ఉండేవి. ఒకటి నాది, రెండోది మా బావమరిదిది. వాటి మధ్య ఉన్న పోటీ రెండు దేశాల మధ్య ఉండి ఉంటే ఈపాటికి సరిహద్దు పొడవునా ముళ్లకంచె వేసి, ఇటొకరు అటొకరు తుపాకులు పట్టుకుని కూర్చునేవాళ్లు.

నాది ఆఫీసుల కోసం తయారుచేసే రకం. హైదరాబాదులో ఏదో పెద్ద ఆఫీసు వాళ్లు వాడుకున్నన్నాళ్లు వాడుకుని వదిలించుకున్న గుంపులోంచి నా చేతికొచ్చింది. నల్లగా, మందంగా, మొద్దు మూలలతో, పోలీసు స్టేషన్లో బల్ల మీద ఉండాల్సిన వస్తువులా ఉంటుంది. సంచిలో వేసి భుజానికి తగిలించుకుంటే నేను ఎంత ఒరిగి నడుస్తానంటే, ఎదురొచ్చేవాళ్లు రోడ్డే వంకరగా వేశారనుకుంటారు.

నేనొక విత్తనాల కంపెనీకి ఊళ్లు తిరిగే ఉద్యోగిని. ఇటు చండ్రుగొండ నుంచి అటు పినపాక దాకా ఏ చేనులో ఏ మొక్క ఎంత ఎదిగింది, దానికి ఏ తెగులు పట్టింది అని చూసి, అక్కడే గట్టు మీద కూర్చుని రిపోర్టు కొట్టి పంపాలి. బొగ్గు లారీల వెనక తిరిగి తిరిగి నా కీబోర్డు సందుల్లో చేరిన బొగ్గుతో ఒక పూటకు కుంపటి రాజేయొచ్చు. ఒకసారి బోనకల్ స్టేషన్లో రైలు దిగే తొందరలో సంచి జారి ప్లాట్‌ఫారం మీద పడింది. ఆ చప్పుడుకి పక్క పెట్టెలో పసిబిడ్డ ఉలిక్కిపడి లేచింది, టీ అమ్మే ఆయన కెటిల్ వదిలేసి వెనక్కి దూకాడు, నా గుండె మాత్రం దూకకుండా ఉన్నచోటే ఆగిపోయింది. తీసి చూస్తే ల్యాప్‌టాప్‌కి ఒక మూల కాస్త నలిగింది. పగిలింది ప్లాట్‌ఫారం బండ. ఆ బండ అంతకుముందే పగిలి ఉందని మా ఆవిడ అంటుంది. అప్పుడామె అక్కడ లేదు కాబట్టి ఆ మాట నేను లెక్కచేయను.

మా బావమరిదిది ఇళ్లలో వాడుకునే రకం. ఖమ్మంలో ఫోన్లూ కంప్యూటర్లూ అమ్మే దుకాణంలో పనిచేస్తాడు వాడు. వెండి రంగు, అప్పడమంత మందం. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి నా ముఖం ముందు ఊపేవాడు.

“బావా, నీది ల్యాప్‌టాపా, రోలా? దాంట్ల పచ్చడి నూరుతున్నవా ఏంది?”

“మరి నీదాంట్ల ఏం జేస్తరు? తల దువ్వుకుంటరా?”

“నవ్వు బావా, నవ్వు. రెండూ ఒక్కపారే ఆన్ జెయ్యి. నీది లేచి కళ్లు నులుముకునేలోపు నాది సగం సినిమా సూపిస్తది.”

“మిగిలిన సగం సూపియ్యకముందే సెగొచ్చి పండుకుంటది గద!”

ఇద్దరం చెప్పేదీ నిజమే. వాడిది చిటికెలో లేస్తుంది, తెర కళ్లు జిగేల్‌మనేలా వెలుగుతుంది, కెమెరాలో మనిషి పెళ్లి ఫోటోలో ఉన్నంత నిగనిగలాడతాడు. కానీ ఒళ్లంతా సన్నం కావడంతో లోపల గాలి ఆడదు. కాసేపు బరువైన పని చెబితే ఒళ్లు కాలి, కాలాక మందగించి, మాటను ముక్కలు చేసి వదులుతుంది. నాది లేవడానికి ఒక టీ తాగినంతసేపు పడుతుంది. కెమెరాలో మనిషి బావిలో పడ్డవాడిలా కనబడతాడు. అయితే ఒకసారి లేచిందంటే పొద్దున ఎట్లా ఉందో సాయంత్రం అట్లాగే ఉంటుంది. లోపలి ఫ్యాను పిండిమరలా మోగుతుందే గానీ పని ఆగదు.

ఈ వాదన ఎవరికీ నష్టం లేకుండా ఏళ్ల తరబడి సాగి ఉండేది. మా ఆవిడ ఉద్యోగం దాని మధ్యలోకొచ్చి కూర్చోకపోతే.

మా ఆవిడ సైన్సు టీచరు. పెళ్లికి ముందు నుంచీ ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో చెప్పేది. పిల్లలు తగ్గిపోయి ఆ స్కూలు మూతబడింది. ఆ తర్వాత ఒకచోట వయసన్నారు, ఒకచోట హైదరాబాదుకు మకాం మారుస్తారా అన్నారు, ఒకచోట ఏమీ అనకుండానే ఊరుకున్నారు. చివరికి ఇంటి నుంచే కంప్యూటరులో పాఠాలు చెప్పించే ఒక సంస్థ ఆమెను పరీక్షకు పిలిచింది. వాళ్లు చూస్తుండగా ఒక పాఠం మొదటి నుంచి చివరిదాకా చెప్పాలి. పొద్దున పదకొండింటికి. లైను తెగినా, బొమ్మ ఆగినా అంతటితో సరి. ఇంకో అవకాశం ఉండదని ముందే చెప్పేశారు.

ఆ ఉద్యోగం తనకెంత కావాలో ఆమె నాతో ఒక్క మాట కూడా అనలేదు. కానీ బియ్యం ఏరుతూ చేటలో రాళ్లకు జీర్ణక్రియ చెప్పడం నేను విన్నాను. కొట్టంలో బర్రె ముందు నిలబడి, “అర్థం కానివాళ్లు చెయ్యెత్తండి” అనడం విన్నాను. బర్రె చెయ్యెత్తలేదు. అయినా ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

అప్పుడు మొదలైంది నా భయం. పాఠం ఆమె చూసుకుంటుంది. యంత్రం నా శాఖ. ఆమె నోటి నుంచి వచ్చే ప్రతి మాటా నేను ఏర్పాటుచేసిన పెట్టెలోంచే వాళ్ల చెవికి చేరాలి. ఆ ఆలోచన వచ్చిన నాటి నుంచి అన్నం ముద్ద గొంతులోకి పోయే ముందు నా అనుమతి అడగడం మొదలుపెట్టింది.

భయానికి రెండో కారణం సిగ్నల్. మా ఇంటి వెనక నుంచే అడవి మొదలవుతుంది. ఇంట్లో ఫోను మాట్లాడాలంటే గోడకు చెవి ఆనించి, ఒక కాలు ఎత్తి, ఊపిరి బిగబట్టాలి. ఊరంతటికీ సిగ్నల్ నిండుగా అందేది ఒక్కచోటే: మా అత్త మిర్చి ఎండబోసే కల్లం. అది మెరక మీద ఉంటుంది. చేను అత్తది, కల్లం అత్తది, మేముండే ఇల్లు కూడా అత్తదే. కాబట్టి పాఠం కల్లంలో చెప్పాలంటే ముందు ఆమె ఒప్పుకోవాలి.

“చెప్పుకొమ్మను బిడ్డను,” అంది. “గానీ నా కాయ తొక్కొద్దు. ఎవలు తొక్కినా ఊకోను. ఆ కంప్యూటర్ల ఉన్నోళ్లు తొక్కినా ఊకోను.”

పరీక్షకు ముందు రోజు మధ్యాహ్నం కల్లంలో తాటాకు పందిరి కింద బల్ల వేశాం. వెనకంతా కన్ను తెరవలేనంత ఎరుపు. అది కనబడకుండా ఒక తెల్ల దుప్పటి కట్టాం. మా బావమరిది తనది అక్క కోసమని అంతకుముందే తెచ్చి ఇచ్చిపోయాడు. రెండు ల్యాప్‌టాప్‌లనూ పక్కపక్కన పెట్టి, తన ఫోనులోంచి నెట్టు ఇచ్చి, మా ఆవిడ పాఠం మొదలుపెట్టింది. నేను దూరంగా గట్టు మీద కూర్చుని నా ఫోనులో చూశాను. సన్నదాంట్లో ఆమె టీవీలో వార్తలు చదివే మనిషిలా ఉంది. నాదాంట్లో ఎవరో కిడ్నాప్ చేసి దాచిపెట్టిన మనిషిలా ఉంది.

“సన్నదే పెట్టుకుంట,” అంది ఆమె. “నీదాంట్ల నా ముఖం నాకే గుర్తు పడ్తలేదు.”

“సగం పాఠం కాంగనే ఆగితే?”

“కింద తడి గుడ్డ పరుస్త. నీది పక్కకుంచు, అవసరమైతే సూద్దాం. ఇగ నువ్వు నన్ను భయపెట్టకు.”

నేను ఆమెను భయపెట్టడం మానేసి, ఆ భాగం కూడా నేనే భయపడదామని నిర్ణయించుకున్నాను. సరిగ్గా అప్పుడు ఎండ చల్లారినట్టయింది. తల ఎత్తేసరికి అడవి మీద నుంచి మబ్బు, ఏనుగుల మంద తోసుకొస్తున్నట్టు, మా కల్లం వైపే వస్తోంది.

“అల్లుడా! మబ్బు! పట్టాలు!” అని మా అత్త అరిచింది. ఆ కేకకు అడవిలో నెమళ్లు జవాబిచ్చాయి.

మిర్చి కల్లం మీద వాన పడటమంటే ఏమిటో ఖమ్మం వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఏడాది కష్టం నల్లబడిపోతుంది. అందరం ఉరికాం. నేను చంకకొక ల్యాప్‌టాప్ పెట్టుకుని ఉరికాను. రెండు చంకలూ నిండిన మనిషి టార్పాలిన్ పట్టా ఎట్లా లాగుతాడు?

“ఆ పలకలు అవుతల పారేసి పట్టా పట్టు అల్లుడా! కాయ తడుస్తది!”

పందిరి కింద మంచం మీద రెండింటినీ పెట్టి పట్టా అంచు పట్టుకున్నాను. ఆ వాన చినుకు ఒక్కోటి చెంబెడు ఉంది. పట్టాలు కప్పాం, అంచుల మీద రాళ్లు పెట్టాం, కాయ దక్కింది. తిరిగి చూస్తే పందిరి తాటాకు సందుల్లోంచి నీళ్లు తిన్నగా మంచం మీదికి ధార కట్టాయి. సన్నదాని మూత సగం తెరిచే ఉంది. నాది బోర్లా ఉంది.

నాదాన్ని ఎత్తగానే అడుగున చిన్న తూముల్లోంచి నీళ్లు జలజలా కారాయి. ఆఫీసుల్లో మనుషులు టీ ఒలకబోసుకుంటారని ముందే తెలిసినవాడెవడో వాటిని పెట్టాడు. వాడి చేతులకు దండం పెట్టాలనిపించింది. సన్నదాన్ని వంచాను. ఒక్క చుక్క రాలేదు. లోపలికి పోవడానికి దారి ఉంది గానీ బయటికి రావడానికి లేదు.

మా ఆవిడ కొంగుతో రెండింటినీ తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

“ఆన్ జెయ్యొద్దు,” అన్నాను. “తడి మీద కరెంటు పోతే లోపల కాలుతది. పొద్దటి దాకా ఆరబెడదాం. బియ్యంల పెడ్తే తేమ గుంజుతదంటరు.”

“బియ్యంల ఎవలన్న పెడ్తరా?” అని మా అత్త గొణిగింది. “బియ్యమూ పాడు, యంత్రమూ పాడు.”

రెండింటినీ ఇంట్లో ఫ్యాను కింద బోర్లించాం. తెల్లారి నేను లేచి చూస్తే ఫ్యాను తిరుగుతోంది. కింద మాత్రం ఏమీ లేదు.

భయంలో రకాలుంటాయి. ఒక రకంలో చెమట పడుతుంది. ఒక రకంలో కాళ్లు వణుకుతాయి. ఈ రకంలో నేను చెంబు మూత తీసి లోపల ల్యాప్‌టాప్ ఉందేమోనని చూశాను. మా ఆవిడ మంచాల కింద చూసింది, కొట్టంలో చూసింది. అప్పటికే ఆమె ముందు రోజు ఇస్త్రీ చేసిన చీర కట్టుకుని ఉంది. ఇద్దరం కల్లానికి పరుగెత్తాం. మా అత్త పట్టాలు తీసి కాయను మళ్లీ ఎండకు పరుస్తోంది.

“అమ్మా! ల్యాప్‌టాప్‌లు ఎటువోయినయే?”

“అవ్, రాత్రి నేనే తీసిన,” అంది తాపీగా. “ఎండు కాయల పెట్టిన. గలగలలాడే కాయ గుంజినట్టు తేమను ఏది గుంజది బిడ్డా. మీ నాయిన టార్చిలైటు వాగుల పడ్డనాడు గట్లనే పెట్టిన. ఇప్పటికి వెలుగుతది.”

“ఏ బస్తాల పెట్టినవ్?”

“గా మూలకు, మూతి కుట్టకుండ ఒక్కటి ఇడిసిపెట్టిన సూడు, దాంట్ల.”

మూల వైపు చూశాం. అక్కడ బస్తాలు లేవు, వాటి గుర్తులున్నాయి. ముందే ఎండి బస్తాలకెక్కిన కాయ ఆ పొద్దున ఖమ్మం మార్కెట్‌కు పోవాలి. ట్రాలీ చీకటితోనే వచ్చింది. మా అత్త కల్లం అటు కొసన ఉండగా హమాలీలు మూల ఉన్నవన్నీ ఎత్తేశారు. మూతి కుట్టని బస్తా కనబడితే పాపం మంచి మనసుతో కుట్టి మరీ ఎత్తారు.

మా అత్త చేతిలో కాయ పరిచే పలుగొర్రు కింద పడింది. పెద్దపులి అడుగులు చూసి, “దాని పని మీద అది పోయింది తియ్యి” అన్న మనిషి ఆమె. ఆమె పెదవులు తెల్లబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

“ప్రభువా,” అంది. “నా బిడ్డ నోట్ల నేనే మన్ను గొట్టిన్నా?”

ట్రాలీ డ్రైవరుకు ఫోను చేశాను. అతను అడవి దారిలో ఉన్నట్టుంది, అందుబాటులో లేడంది ఫోను. మోటారుసైకిలు తీశాను. మా ఆవిడ ఆ చీరతోనే వెనకెక్కింది.

ఆ దారిలో ఎలుగుబంటి తిరుగుతోందని ఊళ్లో చెప్పుకుంటున్న రోజులవి. మామూలుగా ఆ మలుపు దగ్గర నేను పాటలు పాడుతూ, హారను కొడుతూ, ఎవరో పదిమంది వస్తున్నట్టు నటిస్తూ పోతాను. ఆ పొద్దున ఎలుగు అడ్డం వచ్చి ఉంటే దాన్ని కూడా వెనకెక్కించుకుని బస్తాలు దించడానికి తీసుకుపోయేవాణ్ని. బండి ఎంత జోరుగా పోయిందంటే మా నీడ మమ్మల్ని అందుకోలేక రెండు మలుపులు వెనకబడింది.

“జల్దీ పోనియ్యి,” అంది వెనక నుంచి.

“పోతనే ఉన్న గద!”

“ఆపి ఆపి పోతున్నవ్.”

“అది గుంత.”

“గుంతల కూడ పోనియ్యి.” తర్వాత గాలిలో సగం పోయేంత మెల్లగా అంది: “అందకపోతే ఇగ ఇంట్ల కూసుంట. ఎవల్ని అడగ.”

ఆ మాటకు నేను ఇవ్వగలిగిన జవాబు ఒక్కటే, యాక్సిలరేటరు.

మెయిన్ రోడ్డు క్రాసింగులో హోటల్ ముందు ట్రాలీ నిలబడి ఉంది. డ్రైవరు లోపల పూరీ తింటున్నాడు. ఆ పూరీకి, దాన్ని నూనెలో వేసినవాళ్లకి, పిండి తడిపినవాళ్లకి మనసులోనే దండం పెట్టాను.

“అన్నా, నీ బండ్ల మా కంప్యూటర్లున్నయి.”

“నా బండ్ల మిరపకాయలున్నయి సార్.”

“ఆ మిరపకాయలల్లనే.”

అతను పూరీ పళ్లెంలో పెట్టి, నా వైపు కాక మా ఆవిడ వైపు చూశాడు. “అక్కా, సార్ పానం మంచిగనే ఉందా?”

“పానం మంచిగ లేదు గానీ సెప్పేది నిజమే తమ్మీ. బస్తాలు దించు.”

“గియ్యన్నీనా? అక్కా, మార్కెట్‌ల లైను పెద్దగుంటది...”

“తమ్మీ,” అంది ఆమె. అతను చెయ్యి కడుక్కుని లేచాడు.

బస్తాలన్నీ ఒకే రకం, ఒకే కుట్టు. మిర్చి బస్తాను ఒత్తితే పరుపులా అణిగి మళ్లీ లేస్తుంది. నేను దించిన ప్రతి బస్తానూ కావలించుకుని ఒత్తాను. హోటల్లో టిఫిన్ తినేవాళ్లు బయటికొచ్చి చూశారు. పంటంటే ఇంత ప్రేమ ఉన్న రైతును వాళ్లు ఇంతవరకు చూసి ఉండరు. పైవన్నీ దిగాయి, మధ్యవన్నీ దిగాయి. అట్టడుగున, కొండంత బరువు కింద నలిగిన బస్తాను ఒత్తితే ఒక మొద్దు మూల నా పక్కటెముకల్లో పొడిచింది. అంత సుఖమైన పోటు నా జీవితంలో మళ్లీ రాదు.

కుట్టు తెంపి చేతులు పెట్టాం. ముందు సన్నది వచ్చింది. మధ్యలో వంగింది. మూత ఎత్తితే తెర మీద మూల నుంచి మూలకు సాలెగూడు. తర్వాత నాది. మూత మీద గోనె అల్లిక అచ్చు పడింది. ఇంకేమీ కనబడలేదు. కానీ లోపల ఏముందో అక్కడ తెరిచి చూసే ధైర్యం ఇద్దరికీ లేదు. మా ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులా పొదివిపట్టుకుని కూర్చుంది. నేను బండి తిప్పాను.

కల్లానికి చేరేసరికి టైము పదిన్నర దాటింది. మా అత్త బల్ల తుడిచి, దుప్పటి కట్టి, దారి వైపు చూస్తూ నిలబడి ఉంది. ముందు సన్నదాన్ని నొక్కాం. ఒక వెలుగు వెలిగి, సగం నల్లగా, సగం ఇంద్రధనుస్సుగా మారి ఆరిపోయింది.

“వానికి నేను సెప్త,” అంది మా అత్త. “వాడు నా కొడుకే గద, నన్నేం జేస్తడు? నువ్వు నల్లదాని సంగతి సూడు.”

నల్లదాన్ని నొక్కాను. ఏమీ లేదు. అది లేవడానికి ఎప్పుడూ ఆలస్యం చేస్తుందని నాకు తెలుసు. టీ తాగినంతసేపు అని అంతకుముందు రాశాను. ఆ పొద్దున అంతసేపట్లో తేయాకు నాటి, పెంచి, కోసి, ఎండబెట్టి తాగొచ్చు. మా ఆవిడ తెర వైపు చూడకుండా నా ముఖం వైపు చూస్తోంది. చివరికి తెర మీద ఒక చుక్క వెలిగింది. ఆ తర్వాత మామూలుగా అన్నీ వచ్చాయి.

ఫ్యాను కూడా వచ్చింది.

అది మొదటిసారి ఊపిరి వదలగానే ఎడమ పక్క గాలి సందులోంచి సన్నని ఎర్రటి పొగ. మా అత్త మూడు తుమ్ములు తుమ్మింది. మా ఆవిడ దగ్గుతో వంగిపోయింది. కల్లం కాపలా కుక్క చేను దాటి, వాగు దాటి, వేరే మండలంలో ఆగింది. రాత్రి బస్తాలో పీల్చిన కారమంతా దాని కడుపులోనే ఉంది. ఊదాను, దులిపాను, తట్టాను, కొంత పోయింది. మిగిలింది వేడెక్కే కొద్దీ వస్తుంది. సందు మూస్తే కాలి ఆగిపోతుంది. తెరిచి ఉంచితే టీచరు దగ్గుతుంది.

“గాలి నీ దిక్కుకు వొయ్యేటట్టు తిప్పు,” అంది మా ఆవిడ.

“నా దిక్కుకా?”

“మరి నా దిక్కుకా?”

బల్లను తిప్పాం. సందు ఎదురుగా, కెమెరాకు అందకుండా, నేను నేల మీద కూర్చుని తడి తువ్వాలును తెరలా పట్టుకున్నాను. మా అత్త యంత్రం మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. ఆమె ప్రార్థన సృష్టి నుంచి మొదలై, దారిలో ఎవరినీ వదలకుండా, తీరిగ్గా నడిచి వస్తుంది. అది ఇంకా మా పక్క ఊరి రోగుల దగ్గరే ఉండగా గడియారం పదకొండుకు ఆనుకుంది. మా ఆవిడ గట్టిగా “ఆమెన్” అంది. మా అత్త ఒక్క కన్ను తెరిచి చూసి, ఒప్పుకుంది.

తెరలో ముగ్గురు కనబడ్డారు. నడిమి ఆవిడ, “మేడం, మీరు చీకట్లో ఉన్నట్టున్నారు, కాస్త వెలుగులోకి రాగలరా?” అంది.

నా కెమెరా సంగతి అందరం మరిచాం. మా ఆవిడ బిగుసుకుపోయింది. నేను తువ్వాలు వదల్లేను. మా అత్త అటూ ఇటూ చూసి, అన్నం తెచ్చుకున్న స్టీలు పళ్లెం తీసుకుని పందిరి దాటి ఎండలోకి పోయి నిలబడింది. పళ్లెం వాల్చింది. ఎండ మెరిసి మా ఆవిడ ముఖం మీద పడింది.

“ఆ, ఇప్పుడు చక్కగా ఉంది. మొదలుపెట్టండి.”

ఆమె మొదలుపెట్టింది. నోట్లో లాలాజలం దగ్గర నుంచి ముద్దను చేయి పట్టుకుని నడిపిస్తున్నట్టు చెబుతోంది. నేను మాత్రం వినడం లేదు. నేను ఒక తుమ్మును పట్టుకుని ఉన్నాను. మనిషి తుమ్మంత చిన్న వస్తువు ఇంత బలంగా ఉంటుందని నాకు తెలియదు. ముక్కులో మొదలై, కళ్లలోకి పోయి, చెవులు దాటి, మోకాళ్లలో దాక్కుని మళ్లీ బయల్దేరుతుంది. ఒక్కటి బయటపడితే ఆమె పాఠం మధ్యలో బాంబు పేలినట్టే. నాలుక కొరుక్కున్నాను. కళ్ల నుంచి నీళ్లు కారి గడ్డం మీదుగా తువ్వాలును తడిపాయి. అదొక లాభం, తువ్వాలు ఆరలేదు.

అంతలో ఫ్యానులోంచి టిక్, టిక్, టిక్. మిరప గింజ. గింజ రెక్కలో ఇరుక్కుంటే ఫ్యాను ఆగుతుంది, ఫ్యాను ఆగితే యంత్రం ఆగుతుంది, యంత్రం ఆగితే ఈ మనిషి ఇంట్లో కూర్చుంటుంది, ఎవరినీ అడగదు.

“మేడం, ఏదో శబ్దం వస్తోంది?” అన్నారు అవతల.

“మాది మిర్చి సీజను అండీ,” అంది మా ఆవిడ, రెప్ప వాల్చకుండా. “కల్లంలో ఉన్నాను. ఇక్కడే సిగ్నల్ బాగుంటుంది.” అని చిన్న పేగులోకి పోయింది.

టిక్ టిక్ కాసేపు సాగి తగ్గింది, మళ్లీ వచ్చింది. ఎండలో మా అత్త చేతులు మార్చుకుంటూ పళ్లెం పట్టుకునే ఉంది. సూర్యుడు జరిగితే ఆమె జరిగింది, తన కాయ మీద తనే నిలబడింది. తెరలో బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. మాట ఒక్కసారి కూడా తెగలేదు. పాఠం బర్రె నెమరు వేయడం దాకా వచ్చి, ప్రశ్నలతో ముగిసింది.

అవతల ముగ్గురూ ఏదో గుసగుసలాడుకున్నారు. ఆ గుసగుస ఎంతసేపు సాగిందో చెప్పడానికి నా దగ్గర కొలత లేదు. నడిమి ఆవిడ అడిగింది:

“బాగా చెప్పారు మేడం. ఒక్కటే మా అనుమానం. పిల్లల క్లాసులు రోజూ ఉంటాయి. మీరు రోజూ అక్కడి నుంచి, ఏ ఆటంకం లేకుండా చెప్పగలరా?”

మా ఆవిడ నా వైపు చూడలేదు. వాళ్లమ్మ వైపు చూడలేదు.

“చెప్తాను మేడం.”

“అయితే సోమవారం నుంచి మొదలుపెట్టండి.”

తెర మూసిన తర్వాత నేను తుమ్మినవి లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు. అడవిలో పిట్టలు లేచిపోయాయని మాత్రం చెప్పగలను. మా అత్త పళ్లెం కింద పెట్టి, చేతులు చాపుకుని కాయ మీదే కూలబడి, “సల్లగుండు బిడ్డా, సల్లగుండు” అంటూ ఉంది. మా ఆవిడ లేవలేదు. కాలుతున్న ఆ నల్ల మూత మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

“ఏమయ్యా,” అంది. “రోజూ అని సెప్పిన. ఇది ఎన్నాళ్లొస్తది?”

ఆఫీసు రకం ఎన్నాళ్లొస్తుంది, ఇంటి రకం ఎన్నాళ్లొస్తుంది అని ఊళ్లో ఎవరడిగినా అరుగెక్కి ఉపన్యాసమిచ్చిన మనిషిని నేను. నా దగ్గరున్న జవాబులన్నీ మా బావమరిదిని ఓడించడానికి తయారుచేసుకున్నవి. ఆ నల్లదాని వయసెంతో నాకే తెలియదు. సోమవారం మాత్రం వస్తోంది.

దాన్ని ఆర్పి, తువ్వాలు పరిచి, బోర్లించాను. కోళ్ల గంప దగ్గర దొరికిన ఒక ఈక తెచ్చి గాలి సందులోకి మెల్లగా పోనిచ్చాను. ఒక గింజ రాలి తువ్వాలు మీద పడింది. మా ఆవిడ దాన్ని వేలి కొసకు అంటించుకుని ఎండకు ఎత్తి చూసింది.

“ఇంకున్నయా?”

చెవి దగ్గర పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా ఊపి చూశాను. లోపలెక్కడో గలగలమంది.